యుద్ధకాలపు రేడియోలో కదంబం, లలిత సంగీతం

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి రేడియో ప్రసారాలకు ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అయినా బ్రిటన్, జర్మనీ, అమెరికాల్లో చాలా ఇళ్లలో రేడియో పెట్టె అప్పటికే ఒక మూల కుదురుకుని కూర్చుంది. ప్రభుత్వాలు దాన్ని వార్తలు చేరవేసే సాధనంగా, ఉత్తర్వులు చాటే దండోరాగా చూశాయి. నవ్వుకీ పాటకీ ఆ లెక్కలో చివరి చోటు. ఆరేళ్ల తర్వాత చూస్తే లెక్క తారుమారైంది. పాలకులు ఆ పాటల చేత ఏ పని చేయించాలనుకున్నారు, శ్రోతలు వాటితో ఏం చేసుకున్నారు అన్నది అప్పటి నుంచీ నలుగుతున్న ప్రశ్న. బి.బి.సి. దస్త్రాలు బాగా భద్రంగా మిగిలాయి కాబట్టి చర్చ కూడా ఎక్కువగా దాని చుట్టూనే తిరిగింది.

1939 సెప్టెంబర్ 1న బి.బి.సి. టెలివిజన్ ప్రసారాలు ఆపేసింది. అప్పటిదాకా వేరువేరుగా నడుస్తున్న జాతీయ, ప్రాంతీయ ప్రసారాలను కలిపేసి హోమ్ సర్వీస్ అనే ఒకే కార్యక్రమంగా మార్చింది. ఒక్కో ఊరి ట్రాన్స్‌మిటర్ ఒక్కో తరంగం మీద పలికితే శత్రు విమానాలకు దారి చూపే దీపస్తంభంలా పనిచేస్తుందని భయం. థియేటర్లు, సినిమా హాళ్లు కొద్ది రోజులు మూతపడ్డాయి, వీధుల్లో దీపాలు ఆరిపోయాయి. చీకటి పడ్డాక జనానికి రేడియో తప్ప మరో కాలక్షేపం లేని సమయంలో ఆ రేడియో వినిపించింది గంట గంటకూ వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు, గ్రామఫోన్ రికార్డులు, శాండీ మెక్‌ఫర్సన్ అనే కెనడా కళాకారుడి థియేటర్ ఆర్గన్. కొత్త వార్త ఏదీ లేకపోయినా బులెటిన్ ఆగేది కాదు. పాపం మెక్‌ఫర్సన్ రోజంతా వాయిస్తూనే ఉన్నాడు. ఇంతకన్నా జర్మన్ బాంబులే నయమన్నట్టు పత్రికలు ఎద్దేవా చేశాయి.

వినోద విభాగం మాత్రం ముందుగా వేసుకున్న పథకం ప్రకారం లండన్ వదిలి బ్రిస్టల్ చేరింది. బ్రిస్టల్ మీద కూడా బాంబులు పడడంతో 1941లో ఉత్తర వేల్స్‌లోని బాంగర్ పట్టణానికి తరలింది. నటులు, వాద్యకారులు, రచయితలు, గుమాస్తాలు అందరూ ఆ చిన్న ఊళ్లో అద్దె గదులు వెతుక్కున్నారు. దేశమంతటినీ నవ్వించిన కార్యక్రమాలు రెండేళ్ల పాటు అక్కడి పెన్రిన్ హాల్ వంటి సభామందిరాల నుంచి వెళ్లాయి. అవి ఎక్కడి నుంచి వస్తున్నదీ శ్రోతలకు చెప్పేవారు కాదు.

ఫ్రాన్స్‌కు పంపిన బ్రిటిష్ సైన్యం వల్ల అసలు మలుపు వచ్చింది. ఆ చలికాలంలో యుద్ధం జరగలేదు, సైనికులకు తోచుబాటు లేదు. బారకాసుల్లో పది మంది మధ్య ఒక రేడియో, చుట్టూ చీట్లపేక, కబుర్లు, గిన్నెల చప్పుడు. అక్కడ గంభీరమైన ప్రసంగం గానీ సుదీర్ఘమైన సింఫనీ గానీ నిలబడదు. అందుకే 1940 జనవరిలో ప్రయోగంగా, ఫిబ్రవరి 18 నుంచి పూర్తి స్థాయిలో ఫోర్సెస్ ప్రోగ్రామ్ మొదలైంది. డాన్స్ బ్యాండ్లు, హాస్యం, క్రీడలు, చిన్న చిన్న మాటామంతీ దాని సరుకు. యుద్ధానికి ముందు బి.బి.సి. ఆదివారాన్ని దాదాపు ప్రార్థనా మందిరంలా నడిపేది. ఆ విసుగు భరించలేని శ్రోతలు ఆదివారం వచ్చిందంటే రేడియో లక్సెంబర్గ్ వాణిజ్య ప్రసారాలకు ముల్లు తిప్పేవారు. సైనికుల పేరు చెప్పి ఇప్పుడు ఆదివారం కూడా పాటలకు తలుపు తెరిచారు. ఫ్రాన్స్ తీరంలోని డన్‌కర్క్ నుంచి వెనక్కి తగ్గి సైన్యం ఇంటికి తిరిగివచ్చినా కార్యక్రమం ఆగలేదు. పైగా సైనికుల కోసం పెట్టిన దాన్ని ఇళ్లలోని ఆడవాళ్లు, కార్మికులు సొంతం చేసుకున్నారు. 1942 నాటికి మామూలు పౌరుల్లో కూడా హోమ్ సర్వీస్ కన్నా దీనికే శ్రోతలు ఎక్కువ.

ఈ మార్పును చిన్నదిగా చూడకూడదు. తొలి డైరెక్టర్ జనరల్ జాన్ రీత్ కాలం నుంచి బి.బి.సి. పట్టుబట్టి నేర్పింది ఏకాగ్రతతో వినడం. కార్యక్రమం ఎంచుకుని, కూర్చుని, శ్రద్ధగా విని, తర్వాత రేడియో కట్టేయాలి. పని చేసుకుంటూ చెవిన వేసుకునే పాటను సంస్థ తక్కువగా చూసేది. కచేరీ మర్యాదలు తెలిసిన మన పెద్దలు టిఫిను తింటూ త్యాగరాజ కృతి వినేవాణ్ని ఎలా చూసేవారో అలాగన్నమాట. ఆ మర్యాదకు యుద్ధం నీళ్లొదిలించింది.

హాస్యంలో ఆ కాలానికి పేరు తెచ్చింది 'ఇట్స్ దట్ మ్యాన్ అగైన్'. 'ఇట్మా' అనే పొట్టి పేరుతోనే జనం దాన్ని ఎరుగుదురు. 1939 జూలై 12న మొదలైంది. మళ్లీ వాడే వచ్చాడన్న అర్థంలో హిట్లర్ గురించి పత్రికలు పెట్టే శీర్షిక నుంచి ఆ పేరు పుట్టింది. టామీ హ్యాండ్లీ ప్రధాన నటుడు, టెడ్ కవనా రచయిత, ఫ్రాన్సిస్ వోర్స్‌లీ నిర్మాత. కథంటూ పెద్దగా ఉండదు. హ్యాండ్లీ ఏదో ఒక దిక్కుమాలిన ప్రభుత్వ శాఖకు మంత్రిగానో, ఒక సముద్రతీర పట్టణానికి మేయరుగానో ఉంటాడు. తలుపు తెరుచుకున్న చప్పుడు, ఒక పాత్ర ప్రవేశం, దాని ఊతపదం, రెండు మూడు మెరుపు మాటలు, తలుపు మూసుకున్న చప్పుడు, వెంటనే ఇంకొకరు. గ్లాసులో నోరుపెట్టి టెలిఫోనులో బెదిరించే ఫున్ఫ్ అనే జర్మన్ గూఢచారి, వేళాపాళా లేకుండా గది ఊడవడానికి వచ్చే పనిమనిషి మిసెస్ మాప్, ఎదుటివాడు ఏ మాటన్నా మందు పోస్తానన్నట్టే వినే కర్నల్ చిన్‌స్ట్రాప్ ఇంటింటా చుట్టాలైపోయారు.

ఈ హాస్యంలోని కిటుకు ఊతపదం. వారం వారం అదే మాట, అదే గొంతు. వినేవాడు ముందే ఊహిస్తాడు, ఊహ నిజమైనందుకు నవ్వుతాడు. మర్నాడు ఫ్యాక్టరీలో, బాంబు షెల్టరులో అదే మాట పక్కవాడితో అంటాడు. రేషన్ చీట్లు, దీపాలార్పు నిబంధనలు, ప్రభుత్వ ఫారాలు ఇట్మాకు నిత్యం ముడిసరుకు. రచన ప్రసారానికి కొద్ది రోజుల ముందే పూర్తిచేసేవారు కాబట్టి ఆ వారం చిరాకులు ఆ వారమే నవ్వులయ్యేవి. శత్రువును వెక్కిరించిన దానికన్నా సొంత అధికార యంత్రాంగాన్ని వెక్కిరించిందే ఎక్కువ. యుద్ధంలో ఉన్న ప్రభుత్వం దాన్ని సహించిందంటే, ఆ సహనం కూడా ఒక ప్రచారమే అయింది. 1942 ఏప్రిల్‌లో రాకుమారి ఎలిజబెత్ పదహారో పుట్టినరోజుకు ఇట్మా బృందం విండ్సర్ కోటలో ప్రదర్శన ఇచ్చింది. 1949 జనవరిలో హ్యాండ్లీ చనిపోవడంతో కార్యక్రమం కూడా ముగిసిపోయింది. ఒక హాస్యనటుడికి సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో సంస్మరణ సభ జరిగింది. ఈ రోజు ఆ రికార్డులు వింటే సగం చమత్కారాలు అర్థం కావు. అంతగా అవి ఆ వారానికి, ఆ రేషనుకు కట్టుబడ్డవి. ఇట్మా పక్కన 1940లో వచ్చిన 'హాయ్ గ్యాంగ్' కూడా నిలుస్తుంది. బెన్ లయన్, బెబే డేనియల్స్ అనే అమెరికన్ దంపతులు లండన్ విడిచి వెళ్లకుండా దాన్ని నడిపారు.

సంగీతానికి నేరుగా ఉత్పత్తి బాధ్యత అప్పగించింది 'మ్యూజిక్ వైల్ యు వర్క్'. డన్‌కర్క్ తర్వాత ఆయుధ కర్మాగారాలు రాత్రింబగళ్లు నడుస్తున్నాయి. ఒకే పనిని పదే పదే చేయడంలోని విసుగును సంగీతం తగ్గిస్తుందని యుద్ధానికి ముందే పారిశ్రామిక మనస్తత్వ పరిశోధకులు చెప్పారు. 1940 జూన్ 23న మొదలైన ఈ అరగంట కార్యక్రమం పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి వచ్చేది. తర్వాత రాత్రి షిఫ్టు వాళ్ల కోసం మరొకటి చేర్చారు. కొద్ది నెలలకే ఎరిక్ కోట్స్ రాసిన 'కాలింగ్ ఆల్ వర్కర్స్' దానికి పరిచయ సంగీతమైంది. యంత్రాల రొద మీద లౌడ్‌స్పీకర్లో వినబడాలి కాబట్టి స్వరం ఒకే మోతాదులో ఉండాలి. మెల్లగా సాగే వాల్ట్జ్ పనికిరాదు, చేతుల వేగం తగ్గుతుంది. చిక్కు లయలు కూడదు, చెయ్యి తడబడుతుంది. గొంతు ఉంటే మనసు మాటల మీదికి పోతుంది కాబట్టి వాద్యాలకే పెద్దపీట. 'డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సాస్' అనే పాటను ఈ కార్యక్రమంలో నిషేధించారు. అందులో చప్పట్లు కొట్టే చోట కార్మికులు చేతిలోని పనిముట్లతో బల్లలు, యంత్రాలు మోగించడమే కారణం.

దీనికి తోడు 1941 మే నెలలో 'వర్కర్స్ ప్లేటైమ్' వచ్చింది. కళాకారుల బృందం నేరుగా ఫ్యాక్టరీ క్యాంటీన్‌కు వెళ్లి భోజన విరామంలో పాడి, నవ్వించి వచ్చేది. ఊరి పేరు మాత్రం గుట్టు. కార్మికశాఖ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ దీనికి అండ. పళ్లేల చప్పుడు, పాటకు గొంతు కలిపే వందల మంది హోరు కూడా ప్రసారంలో భాగమే. పాలిష్ చేసిన స్టూడియో ఉచ్చారణకు అలవాటుపడిన బి.బి.సి.లో మామూలు జనం గొంతు ఇంత ధారాళంగా వినిపించింది అప్పుడే. యుద్ధం అయిపోయాక కూడా రెండు కార్యక్రమాలూ 1960ల దాకా నడిచాయి.

అందరికన్నా ఎక్కువ గొడవ రేపింది గాయని వేరా లిన్. 1941 నవంబర్ 9 ఆదివారం రాత్రి తొమ్మిది గంటల వార్తల తర్వాత ఆమె కార్యక్రమం 'సిన్సియర్లీ యువర్స్' మొదలైంది. దూరాన ఉన్న సైనికులకు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం దాని రూపం. అప్పుడే బిడ్డను కన్న భార్యను ఆస్పత్రిలో చూసి వచ్చి, తల్లీబిడ్డా క్షేమమన్న కబురు ఎక్కడో ఎడారిలో ఉన్న భర్తకు గాలిలో అందించడం వంటివి అందులో ఉండేవి. ఆమె గొంతులో ఓపెరా శిక్షణ లేదు. పక్కింటి అమ్మాయి పలకరించినట్టు ఉండేది. మళ్లీ కలుస్తామన్న భరోసా, డోవర్ తీరపు తెల్లని కొండలు ఆ పాటల వస్తువులు. డోవర్ పాటను రాసిందీ స్వరపరిచిందీ అమెరికన్లే. అందులోని నీలిపిట్ట బ్రిటన్ పక్షి కానే కాదు. ఆ పొరపాటును వినేవాళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

పైవాళ్లకు మాత్రం కంటగింపైంది. ఇంటి మీద బెంగ పెంచే పాటలు సైనికుణ్ని నీరసపరుస్తాయని, పౌరుషం పెంచే సంగీతం కావాలని సైనికాధికారులు, పార్లమెంటు సభ్యులు, పత్రికలకు ఉత్తరాలు రాసే విశ్రాంత కర్నళ్లు గోల పెట్టారు. బి.బి.సి. పాలకమండలి తన సమావేశపు నమోదులో ఒకే వాక్యంలో కార్యక్రమాన్ని గర్హించి, దాని ప్రజాదరణను గుర్తించింది. ఇటు మెచ్చలేరు, అటు ఆపలేరు. 1942లో సింగపూర్, తర్వాత టోబ్రూక్ చేజారాయి. ఓటమికి ఏదో ఒక కారణం వెతికే ఆ రోజుల్లో పాట కూడా ముద్దాయి అయింది. ఆ జూలైలో డాన్స్ సంగీత విధాన సంఘం ఏర్పడింది. మరీ మెత్తటి శోకగీతాలను, నీరసంగా మూలిగే మగ గాయకులను, శాస్త్రీయ కృతుల బాణీలు ఎత్తి చేసిన డాన్స్ పాటలను తెరచాటుకు నెట్టింది. సైనికులను అడిగితే మాత్రం కావలసింది ఆ మెత్తటి పాటలేనన్నారు. 1944లో వేరా లిన్ స్వయంగా బర్మా యుద్ధరంగానికి వెళ్లి, అందరూ మరిచిపోయారని వాపోతున్న పద్నాలుగో సైన్యం ముందు పాడింది. బెంగ పుట్టించే పాట సైనికుణ్ని బలహీనపరుస్తుందన్న వాదానికి ఆధారం ఎవరూ చూపలేదు. యుద్ధంలో ఉన్నవాడికి బెంగ ఎలాగూ ఉంటుంది, పాట దానికి మాటలిచ్చింది.

జర్మనీలో కథ వేరే చోట మొదలై ఇదే చోటికి చేరింది. అక్కడి రేడియో 1935లోనే జాజ్ సంగీతాన్ని నిషేధించింది. యుద్ధం మొదలైన రోజే విదేశీ ప్రసారాలు వినడం నేరమైంది. నెల తిరిగేసరికి, 1939 అక్టోబర్ 1న, బెర్లిన్ నుంచి సైన్యానికి కోరిన పాటల కచేరీ 'వున్ష్‌కాన్జర్ట్' ఆరంభమైంది. హైన్జ్ గోయెడెకె దాని వ్యాఖ్యాత. ఒక పక్క మొజార్ట్, పక్కనే కవాతు పాట, ఆ వెంటనే సినిమా పాట. మధ్యలో సరిహద్దున ఉన్న సైనికుడికి కొడుకు పుట్టాడన్న ప్రకటన, విరాళాలిచ్చినవారి పేర్లు. రణరంగం, ఇల్లు ఒకే గదిలో కూర్చున్నాయన్న భ్రమ కల్పించడంలో అంతకు మించింది లేదు. 1940లో అదే పేరుతో సినిమా కూడా తీశారు. డెబ్బై అయిదు కచేరీల తర్వాత 1941 మేలో అది ఆగింది. మరుసటి నెలలో సోవియట్ యూనియన్ మీద దాడి మొదలైంది. ఆ తర్వాత మృతుల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక కుటుంబపు శుభవార్త చదివే రూపం ఎలాగూ నిలబడేది కాదు. ప్రచార మంత్రి గోబెల్స్ మాత్రం వినోదాన్ని తగ్గించకుండా పెంచాడు. 1942లో ప్రత్యేకంగా ఒక డాన్స్, వినోద వాద్యబృందాన్ని కూడా ఏర్పాటు చేశారు. పేరు మార్చుకున్న స్వింగ్ సంగీతం నిషేధం కింద నుంచే లోపలికి వచ్చింది.

'లిలి మార్లీన్' ఎవరి పథకంలోనూ లేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1915లో, హాన్స్ లైప్ రాసిన పద్యానికి 1938లో నార్బర్ట్ షుల్ట్స్ బాణీ కట్టాడు. 1939లో లాలే ఆండర్సన్ పాడి రికార్డు ఇచ్చింది. కొన్నవాళ్లు కొద్దిమంది. 1941లో జర్మన్లు ఆక్రమించిన బెల్‌గ్రేడ్‌లో సైనిక రేడియో కేంద్రం పెట్టినప్పుడు చేతిలో రికార్డులు కొద్దిగానే ఉన్నాయి, వాటిలో ఇదొకటి. ఆగస్టులో ప్రసారం చేశారు. ఉత్తరాలు వెల్లువెత్తాయి. చివరికి రోజూ రాత్రి పది గంటలకు మూడు నిమిషాల ముందు అది పాడి కేంద్రం నిద్రపోయేది. దాని ప్రసారం మధ్యధరా దాటి ఉత్తర ఆఫ్రికా ఎడారి దాకా వినిపించేది. అక్కడ ఎదురెదురుగా మోహరించిన జర్మన్లూ, బ్రిటిష్ ఎనిమిదో సైన్యమూ ఒకే వేళకు ఒకే పాట విన్నారు. గోబెల్స్‌కు ఆ దిగులు పాట నచ్చలేదు. 1942లో గాయనికి కష్టకాలం వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని యూదు మిత్రులతో సంబంధాలున్నాయని ఆమె ప్రదర్శనలు ఆపించారు. పాటను మాత్రం ఆపలేకపోయారు. బ్రిటిష్‌వాళ్లకు కూడా తమ సైనికులు శత్రువు పాట పాడుకోవడం ఇబ్బందిగానే ఉండి, ఆంగ్లంలో వేరే మాటలతో రికార్డు చేయించారు. లండన్‌లో వేరా లిన్ మీద వేసిన నిందే బెర్లిన్‌లో దీని మీదా పడింది. పోరాడుతున్న రెండు ప్రభుత్వాలు కనీసం సంగీతం దగ్గర ఏకాభిప్రాయానికి వచ్చాయి.

అమెరికాలో రేడియో వాణిజ్య సంస్థల చేతిలో ఉంది. సబ్బు, పళ్లపొడి కంపెనీలు హాస్యగాళ్లకు జీతాలిచ్చేవి. వాళ్లలో ఒకడైన బాబ్ హోప్ 1941 మే నుంచే సైనిక శిబిరాలకు వెళ్లి అక్కడి నుంచే తన కార్యక్రమం ప్రసారం చేసేవాడు. యుద్ధంలో దిగాక సెన్సార్ కార్యాలయం 1942 జనవరిలో రేడియో కేంద్రాలకు నియమావళి ఇచ్చింది. ఫలానా వేళకు ఫలానా పాట వేయమని శ్రోతలు కోరితే వేయకూడదు, ఆ పాటే గూఢచారికి సంకేతం కావచ్చు. వీధిలో ఎవరినో ఆపి మాట్లాడించే ప్రత్యక్ష కార్యక్రమాలూ వద్దు. వాతావరణం మాట ఎత్తనే కూడదు.

అదే ఏడాది ఏర్పడిన సాయుధ దళాల రేడియో సర్వీసు హాలీవుడ్‌ను నేరుగా శిబిరాల్లోకి తెచ్చింది. 1942 మార్చిలో మొదలైన 'కమాండ్ పెర్ఫార్మెన్స్'లో పేరుకు తగ్గట్టు సైనికుడే ఆజ్ఞ ఇచ్చేవాడు. కోరికలు పాటలతో ఆగలేదు. ఒకడు సినిమా తార నిట్టూర్పు వినిపించమంటే, ఇంకొకడు తన ఊరి చప్పుళ్లు కావాలనేవాడు. బింగ్ క్రాస్బీ వంటివారు పైసా తీసుకోకుండా వచ్చేవారు. దేశంలోని పౌరులకు ఆ ప్రసారం సాధారణంగా అందేది కాదు, డిస్కుల మీద ముద్రించి విదేశాల్లోని కేంద్రాలకు పంపేవారు. వాణిజ్య కార్యక్రమాలను కూడా ప్రకటనలు కత్తిరించి పంపారు. నల్లజాతి సైనికుల కోసం 'జూబిలీ' పేరుతో వేరే కార్యక్రమం ఉండేది. సైన్యంలోని వర్ణభేదం రేడియోలోకీ వచ్చిందని కొందరు, ఆ వేరు కార్యక్రమం వల్లే గొప్ప జాజ్ భద్రమైందని కొందరు అంటారు. రెండూ నిజమే. 1942 ఆగస్టు నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగులు మానేసి సమ్మె చేసింది. సైన్యం కోసం మాత్రం సంఘం మినహాయింపు ఇచ్చింది. అలా 1943లో పుట్టిన వి-డిస్కులు అనే రికార్డుల ప్రతులు ఎనభై లక్షలకు పైగా ముద్రణై సైనికులకు చేరాయి. యుద్ధానంతరం, ఒప్పందం ప్రకారం, మూల ప్రతుల్లో చాలావాటిని నాశనం చేశారు.

ఇలా సొంత జనానికి ఊరట ఇచ్చిన సంగీతమే శత్రువుకు ఎర కూడా. బెర్లిన్ నుంచి 'చార్లీ అండ్ హిజ్ ఆర్కెస్ట్రా' ప్రసిద్ధ అమెరికన్ పాటలను మొదటి చరణం యథాతథంగా పాడి, రెండో చరణంలో చర్చిల్‌ను, రూజ్వెల్ట్‌ను తిట్టేది. సొంత దేశంలో నిషిద్ధమైన జాజ్‌ను ఎగుమతికి వాయించారన్నమాట. టోక్యో నుంచి వచ్చిన 'జీరో అవర్'ను యుద్ధఖైదీలతో తయారు చేయించారు. అందులో రికార్డులు పరిచయం చేసిన ఇవా తొగురి అమెరికాలో పుట్టిన మహిళ. అమెరికన్ సైనికులు అనేక గొంతులకు కలిపి పెట్టుకున్న 'టోక్యో రోజ్' అన్న పేరు ఆమె నెత్తిన పడింది. 1949లో దేశద్రోహ నేరం కింద శిక్ష, 1977లో అధ్యక్షుడు ఫోర్డ్ క్షమాభిక్ష. బ్రిటిష్‌వాళ్లు 1943 చివర్లో జర్మన్ సైనిక కేంద్రంలా నటించే 'సోల్డాటెన్‌జెండర్ కలే' నడిపారు. సెఫ్టన్ డెల్మర్ సూత్రధారి. మంచి డాన్స్ సంగీతం, నిజమైన వార్తలు, వాటి మధ్య ఒకటీ అరా విషపు చుక్కలు. ఇటువంటి కేంద్రాలు ఎన్ని మనసులు మార్చాయో కొలవడం కష్టం. వినేవాళ్లు పాట విని మాట వదిలేశారనే సాక్ష్యం మాత్రం ఎన్నో జ్ఞాపకాల్లో దొరుకుతుంది.

చరిత్రకారుల తీర్పు కాలంతో మారింది. ఏసా బ్రిగ్స్ 1970లో వెలువరించిన బి.బి.సి. యుద్ధ చరిత్ర సంస్థ లోపలి నిర్ణయాలను విప్పి చూపింది. అందులో వినోదం ఉన్నా వార్తలకే అగ్రాసనం. యుద్ధంలో అందరూ ఒక్కటై నవ్వారన్న జ్ఞాపకాన్ని ఆంగస్ కాల్డర్ ఆ తర్వాత ప్రశ్నించాడు. సియాన్ నికొలస్ దేశంలోని పౌరుల కోసం నడిచిన ప్రసారాల్లో వినోదాన్ని ప్రచారంలో విడదీయరాని భాగంగా చదివింది. క్రిస్టీనా బాడే 2012లో లలిత సంగీతాన్నే కేంద్రంగా తీసుకుని, గాయనుల మీద, మెత్తటి మగ గొంతుల మీద వచ్చిన విమర్శ వెనుక మగతనం గురించిన కలవరం ఉందని చూపింది. ఆ చివరి పరిశీలనే అన్నిటికన్నా లోతుగా తాకుతుంది. ఎందుకంటే వేరా లిన్ వివాదంలో సంగీతం గురించి మాట్లాడినవాళ్లు తక్కువ, సైనికుడు ఎలా ఉండాలన్న దాని గురించి మాట్లాడినవాళ్లే ఎక్కువ.

భారతదేశంలో పరిస్థితి వేరు. యుద్ధారంభానికి ఆలిండియా రేడియోకు కొద్ది కేంద్రాలే, దేశం మొత్తానికి లక్షలోపు లైసెన్సులు. ప్రభుత్వ శ్రద్ధ అంతా వార్తల మీద, విదేశీ భాషా ప్రసారాల మీద. భారతీయ సైనికుల వినోదానికి ఫౌజీ దిల్‌ఖుష్ సభ బృందాలు శిబిరాలు తిరిగేవి. తెలుగు శ్రోతలకు 1938లో మొదలైన మద్రాసు కేంద్రమే దిక్కు. బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో అక్కడ చేరాడు. శాస్త్రీయ కచేరీకీ సినిమా పాటకూ నడుమ లలిత సంగీతమనే దారిని తెలుగు రేడియో ఆ దశకంలోనే వేసుకుంది. అది యుద్ధావసరం వల్ల వచ్చింది కాదు, భావకవుల గేయాలకు గొంతు వెతుకుతూ వచ్చింది.

యుద్ధ రేడియో తెలుగు ఇంటికి వచ్చిన దారి సిలోన్ మీదుగా సాగింది. ఆగ్నేయాసియాలోని మిత్రరాజ్యాల సైన్యాలకు పాటలు, వార్తలు వినిపించడానికి మౌంట్‌బాటన్ కమాండ్ ఆ ద్వీపంలో రేడియో సియాక్ నెలకొల్పింది. దాని శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ యుద్ధానంతరం సిలోన్ ప్రభుత్వం చేతికి వచ్చి రేడియో సిలోన్‌కు బలమైంది. 1952లో సమాచార మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేసినప్పుడు దేశమంతా సిలోన్ వైపు ముల్లు తిప్పింది. హిందీతో పాటు తెలుగు సినిమా పాటలు కూడా అక్కడి నుంచి వినిపించేవి. సైనికుల కోసం కట్టిన ట్రాన్స్‌మిటర్ ఆంధ్ర గ్రామాల అరుగుల మీద పలికింది. బి.బి.సి.కి లక్సెంబర్గ్ నేర్పిన పాఠమే ఆకాశవాణికి సిలోన్ నేర్పింది. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలైంది. సరిహద్దుల్లోని జవాన్లు ఉత్తరాలు రాసి కోరిన పాటలు వినిపించే 'జయమాల' దాని పేరున్న కార్యక్రమాల్లో ఒకటైంది.